కొట్టేసిన ‘కాదు’: ఒక కర్తృత్వ వివాదంపై కేస్ స్టడీ

ఈ కేసులో ప్రధానమైన ఇద్దరూ ఇప్పుడు లేరు. వాళ్ళ పిల్లలున్నారు, వాళ్ళ మధ్య మాటల్లేవు. అందుకని నవల పేరు, రచయిత పేరు, అది ఏ దశకంలో వచ్చింది అన్నవి చెప్పను. ఉదాహరణకి ఇచ్చిన వాక్యాలు కూడా అసలువి కావు. అదే రకం తప్పు కనిపించేలా నేను మార్చి రాసినవి. చివరికి ఏం తేల్చానన్నదాని కన్నా, తేల్చేలోపు రెండుసార్లు ఎలా దారి తప్పానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేపథ్యం

నా పని పాత ప్రతుల పరిష్కరణ. పాఠాంతరాలు పోల్చడం, అచ్చుతప్పులు ఏరడం, ఏ పాఠం అసలుదో తేల్చడం. అప్పుడప్పుడు ప్రచురణకర్తలో కుటుంబాలో ‘ఇది ఎవరు రాసింది?’ అని అడుగుతూ వస్తారు. ఎక్కువగా చిన్న చిన్నవే ఉంటాయి: సంతకం లేని పత్రికా వ్యాసం, మారుపేరుతో వచ్చిన కథ, అలాంటివి.

ఇది వేరు. చాలామంది చదివిన ఒక నవలకి కొత్త ముద్రణ తయారవుతోంది. ప్రూఫులు చూస్తుండగా ప్రచురణకర్తకి ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన తండ్రి ఆ రచయిత దగ్గర ఏళ్ళ తరబడి రాయసం చేశారు. అంటే ఆయన చెబుతుంటే రాసిపెట్టడం, ఉత్తరాలకి జవాబులివ్వడం, చిత్తుప్రతులు సాపు చేయడం. (ఇకనుంచి ఆయన్ని రాయసకాడు అనే అంటాను. పాత మాటే, కానీ పనికి సరిగ్గా సరిపోతుంది.) ఉత్తరంలో సారాంశం ఇది: ‘ఆ నవల మా నాన్నదే. రాతప్రతి మా ఇంట్లో ఉంది. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఆయన చేతిరాతే.’

రచయిత కూతురి మాట వేరు. ‘నాన్నగారికి చూపు మందగించింది. ఆయన చెప్పారు, అతను రాశాడు. టైపిస్టు తన పేరు అట్ట మీద వేయమంటాడా?’

ప్రచురణకర్త నా దగ్గరికి వచ్చేసరికి బాగా టెన్షన్‌లో ఉన్నారు. ‘అవునో కాదో ఒక్క మాటలో చెప్పండి చాలు’ అన్నారు. నేను ఒప్పుకున్నాను. ఆ ఒప్పుకోవడమే నా మొదటి తప్పు.

ముందు పక్కన పెట్టిన వాదనలు

రెండు వైపులా ఎక్కువగా వినిపించింది యోగ్యత వాదన. ఆమె: ‘జీవితమంతా ఇంకొకరి మాటలు రాసుకున్న గుమాస్తా ఇలాంటి నవల రాయగలడా?’ ఆయన: ‘మరి మా నాన్న మానేశాక మీ నాన్నగారు ఇంత మంచి పుస్తకం ఇంకొకటి ఎందుకు రాయలేదు?’

ఇవి కొత్తవి కావు. ప్రపంచంలో పెద్ద కర్తృత్వ వివాదాలన్నీ దాదాపు ఇక్కడినుంచే మొదలయ్యాయి. షేక్‌స్పియర్ విషయంలో అదే జరిగింది. విశ్వవిద్యాలయం గడప తొక్కని ఒక చిన్న పట్టణపు మనిషికి రాజసభల సంగతులు, న్యాయశాస్త్రం ఎలా తెలుస్తాయన్న అనుమానంతో 19వ శతాబ్దంలో తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ పేరు ముందుకొచ్చింది. 1920లో లూనీ అనే బడిపంతులు ఆక్స్‌ఫర్డ్ ప్రభువు ఎడ్వర్డ్ డి వీర్ పేరు తెచ్చాడు. డి వీర్ 1604లోనే చనిపోయాడు. ఆ తర్వాత కూడా కొత్త నాటకాలు వస్తూనే ఉన్నాయని పండితులు చెప్పినా ఆ వాదం ఆగలేదు. షొలొఖోవ్‌దీ అదే కథ. 1905లో పుట్టిన ఈ రష్యన్ రచయిత, కుర్రవాడిగానే 1928 నాటికి ‘అండ్ క్వయిట్ ఫ్లోస్ ద డాన్’ మొదటి భాగాలు అచ్చేస్తే, ఇంత చిన్న వయసులో ఇంత అనుభవం ఎక్కడిదన్నారు. ఎవరో చనిపోయిన కొసాక్ అధికారి సంచిలో దొరికిన కాగితాలన్నారు.

యోగ్యత వాదనతో వచ్చిన చిక్కేమిటంటే, అది పుస్తకం గురించి ఏమీ చెప్పదు. మనుషుల గురించి మనకున్న అంచనాల గురించి చెబుతుంది. అందుకని ఇద్దరికీ ఒకే మాట చెప్పాను: ‘ఎవరు రాయగలరో నేను తేల్చలేను. కాగితం మీద ఏం జరిగిందో చూడగలను.’

చేతిరాత పరీక్ష

ముందు సులువైనది ముగించాను. కాగితం, సిరా ఆ కాలానికి సరిపోయాయి. చేతిరాత రాయసకాడిదే, అనుమానం లేదు. రాయసకాడి కొడుకు ముఖం వెలిగిపోయింది. ఆయన ఆశ నాకు అర్థమైంది గానీ, దీనివల్ల తేలింది దాదాపు శూన్యం.

చిక్కు మన భాషలోనే ఉంది. ‘రాయడం’ అంటే చేత్తో అక్షరాలు పెట్టడమూ అవుతుంది, రచించడమూ అవుతుంది. భారతం రాసింది వినాయకుడు, చెప్పింది వ్యాసుడు. అయినా దాన్ని వినాయక భారతం అని ఎవరూ అనరు. మిల్టన్‌కి చూపు పోయాక ‘పారడైజ్ లాస్ట్’ ఇతరులకి చెప్పి రాయించాడు. మొదటి సర్గ రాతప్రతి ఇప్పటికీ ఉంది, అది ఆయన చేతిరాత కాదు. 1866లో దొస్తొయెవ్‌స్కీ గడువు ముంచుకొస్తుంటే ‘ద గాంబ్లర్’ నవలని అన్నా అనే స్టెనోగ్రాఫర్‌కి చెప్పి నెల లోపే పూర్తిచేశాడు. ఆమె తర్వాత ఆయన్ని పెళ్ళాడింది గానీ, ఆ నవల నాదని అనలేదు.

ఇక్కడే నేను ప్రచురణకర్త దగ్గరికి తిరిగి వెళ్ళి ప్రశ్న మార్చాలని చెప్పి ఉండాల్సింది. ‘ఎవరు రాశారు’ అనే ఒక్క ప్రశ్నకి బదులు కథ ఎవరిది, వాక్యం ఎవరిది, దిద్దింది ఎవరు అని మూడు అడగాల్సింది. చెప్పలేదు. అవునో కాదో తేల్చడానికి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

మొదటి లెక్క, ఎందుకు తప్పింది

స్టైలోమెట్రీ అంటే మాటల వాడకాన్ని లెక్కపెట్టి రచయితని గుర్తుపట్టడం. దాని వెనకున్న ఆలోచన సింపుల్. రచయిత ఎంచి వాడే మాటల్ని ఎవరైనా అనుకరించగలరు. ఎంచకుండా దొర్లే చిన్న మాటల్ని అనుకరించడం కష్టం. దీనికి అందరూ చూపే ఉదాహరణ అమెరికాలో కొత్త రాజ్యాంగాన్ని సమర్థిస్తూ మారుపేరుతో వచ్చిన ‘ఫెడరలిస్ట్’ వ్యాసాలు. మొత్తం 85. అందులో 12 హామిల్టన్‌వా, మాడిసన్‌వా అన్నది చాలాకాలం తేలలేదు. 1964లో మోస్టెల్లర్, వాలెస్ అనే ఇద్దరు గణాంక నిపుణులు ‘అపాన్’ (మీద) లాంటి చిన్న మాటల్ని లెక్కపెట్టారు. హామిల్టన్ వాడినంత విరివిగా మాడిసన్ ‘అపాన్’ వాడడు. ఆ 12 మాడిసన్ వైపే మొగ్గాయి. ఆ తర్వాత 2002లో బరోస్ ‘డెల్టా’ అనే పద్ధతి ఇచ్చాడు. బాగా ఎక్కువగా వచ్చే మాటల వాడకం ఒక రచన నుంచి ఇంకొక రచనకి ఎంత దూరంలో ఉందో అది కొలుస్తుంది.

నేనూ అదే చేశాను. వివాదంలో ఉన్న నవల ఒకవైపు, అదే రచయిత పేరుతో వచ్చిన వేరే మూడు నవలలు ఇంకొకవైపు. వీటికి తోడు అదే కాలపు ఇతర రచయితల నవలలు కొన్ని. ఫలితం చక్కగా వచ్చింది. వివాదపు నవల రచయిత మిగతా నవలల పక్కనే కూర్చుంది. కూతురిదే నిజమని రిపోర్టు సగం రాసేశాను.

ఆ రాత్రి ఒక చిన్న విషయం బుర్రలో తిరిగింది. ఆ మూడు నవలలు ఎప్పుడు రాసినవి? లెక్క చూస్తే మూడింటిలో రెండు రాయసకాడు ఆయన దగ్గర పనిచేసిన సంవత్సరాల్లోవే. అంటే కొడుకు వాదన నిజమైతే వాటిలోనూ తండ్రి చెయ్యి ఉండాలి. ‘నిస్సందేహంగా రచయితవి’ అని నేను పక్కన పెట్టుకున్న నమూనాకే సందేహం అంటుకుంది. ఏది తేల్చాలో దాన్నే ఆధారంగా పెట్టుకుని కొలిచాను.

దీనికి చరిత్రలో ఒక ఘోరమైన ఉదాహరణ ఉంది, అది తెలిసి కూడా ఈ పొరపాటు చేశాను. 1983లో హిట్లర్ డైరీలంటూ కొన్ని పుస్తకాలు బయటికొచ్చాయి. చేతిరాత నిపుణులు పోల్చి చూసి నిజమైనవే అన్నారు. వాళ్ళు పోల్చడానికి తీసుకున్న ‘అసలు’ నమూనాల్లో కొన్ని ఆ డైరీలు సృష్టించిన కూజావ్ అనేవాడే ఫోర్జరీ చేసినవి! రెండూ ఒకే చెయ్యి కాబట్టి సరిపోయాయి. నిపుణులు కొలిచింది తప్పు కాదు. పక్కన పెట్టుకున్నది తప్పు.

రిపోర్టు చించేశాను. ప్రచురణకర్తకి ఫోన్ చేసి ఇంకో నెల కావాలన్నాను. ఆయనకి కోపం వచ్చింది, న్యాయమే.

రెండో లెక్క, ఇంకా ఘోరంగా తప్పింది

ఈసారి నమూనాలు జాగ్రత్తగా ఎంచాను. రచయితవి: రాయసకాడు రాకముందు స్వహస్తాలతో రాసుకున్న తొలి నవల, కొన్ని కథలు. రాయసకాడివి: పత్రికల్లో సొంత పేరుతో వేసుకున్న కథలు, వాటి రాతప్రతులు. అచ్చులో సంపాదకుల చెయ్యి పడుతుంది కనక వీలైనచోటల్లా రాతప్రతినే తీసుకున్నాను.

తెలుగులో మాటలు లెక్కపెట్టడంలో ఒక ఇబ్బంది ఉంది. ఇంగ్లీషులో విడిగా నిలబడే చిన్న మాటల పని మన దగ్గర చాలావరకు ప్రత్యయాలు చేస్తాయి. ‘వాడే’, ‘వాడో’, ‘వాడైతే’, ‘వాడుకూడా’... ఒక్కొక్కటీ కంప్యూటర్‌కి వేరే మాట. అందుకని చాలామంది మాటలు వదిలేసి అక్షరాల గుంపుల్ని లెక్కిస్తారు. మూడేసి, నాలుగేసి అక్షరాల వరసలు ఎన్నిసార్లు వచ్చాయో చూస్తారు. ప్రత్యయాలు వాటిలో దొరికిపోతాయి. నేనూ అలాగే చేశాను.

ఫలితం తారుమారైంది. నవల రాయసకాడి కథల పక్కకి వెళ్ళి కూర్చుంది. అదీ ఏదో కొంచెం కాదు, అతుక్కుపోయినట్టు.

ఒక రోజంతా కొడుకు చెప్పిందే నిజమేమో అనుకున్నాను. మరుసటి రోజు, అసలు ఏ అక్షరాల వరసల వల్ల ఈ దగ్గరతనం వచ్చిందో విడదీసి చూశాను. పైన ఉన్నవి ఇవి: ‘యెందుకు’, ‘యేమిటి’ అని య-కారంతో రాయడం (రచయిత ‘ఎందుకు’ అని రాస్తారు). ‘వచ్చేడు’, ‘చెప్పేడు’ (రచయితవి ‘వచ్చాడు’, ‘చెప్పాడు’). పొల్లు వాడే తీరు. మాటకీ మాటకీ మధ్య ఎడం.

అంటే కంప్యూటర్ పట్టుకున్నది రచయిత శైలిని కాదు, రాయసకాడి వర్ణక్రమాన్ని. ఎవరు చెప్పినా ఆయన చెయ్యి ‘యెందుకు’ అనే రాస్తుంది. చేతిరాత పరీక్ష ముందే చెప్పిన సంగతినే ఇది ఇంకో రూపంలో, పటాలు గీసి, అంకెలు వేసి మళ్ళీ చెప్పింది. అంకెలుంటే నమ్మబుద్ధి ఎక్కువవుతుంది. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి.

వర్ణక్రమాన్ని ఏకం చేసి మళ్ళీ లెక్కించాను. ఇప్పుడు నవల ఇద్దరికీ మధ్యలో వేలాడింది. కొన్ని అధ్యాయాలు ఇటు, కొన్ని అటు. అప్పటికి నాకు ఇది వైఫల్యంలాగే కనిపించింది. నిజానికి అందులోనే జవాబు ఉంది. పుస్తకం మొత్తం ఒక్కరిదే అయి ఉండాలన్న ఊహతో కూర్చున్నవాడికి అది కనపడదు.

ఇక్కడ ఒక పక్కమాట. 1612లో డబ్ల్యు.ఎస్. అనే పొడి అక్షరాలతో వచ్చిన ఒక స్మృతిగీతాన్ని కంప్యూటర్ సాయంతో షేక్‌స్పియర్‌కి కట్టబెట్టిన పండితుడు ఫోస్టర్. చివరికి అది జాన్ ఫోర్డ్‌దని ఇతరులు చూపితే 2002లో తన మాట వెనక్కి తీసుకున్నాడు. ఈ రంగంలో అలా బాహాటంగా ఒప్పుకోవడం అరుదు, అందుకే ఆయనంటే నాకు గౌరవం. కొలిచేవాడు తన ముందున్న వాళ్ళలో ఎవరు దగ్గరో చెప్పగలడు, అంతే. 2013లో రాబర్ట్ గాల్‌బ్రెయిత్ పేరుతో వచ్చిన నవల ‘హ్యారీ పాటర్’ రచయిత్రి రౌలింగ్‌దే అన్నప్పుడు కూడా, ఆమె పేరు ముందే ఎవరో చెప్పి ఉండటం వల్ల ఆమె పుస్తకాలు పోలికలోకి వచ్చాయి.

పనిచేసింది: తప్పుల చదువు

కంప్యూటర్ మూసేసి, పరిష్కర్తగా నాకు తెలిసిన పనికి తిరిగి వచ్చాను. రాతప్రతిలో ఏం రాసి ఉందన్నది వదిలేసి, ఏం కొట్టేసి ఉందో చదవడం మొదలుపెట్టాను. ప్రతి కొట్టివేతా, ప్రతి హంసపాదూ (వదిలేసిన మాట ఎక్కడ చేరాలో చూపే గుర్తు), మార్జిన్లో ప్రతి చేర్పూ ఒక పుస్తకంలో ఎక్కించాను. మూడు వారాలు పట్టింది.

ఎందుకంటే వినేవాడు చేసే తప్పు వేరు, చూసి రాసేవాడు చేసే తప్పు వేరు, ఆలోచించి రాసేవాడు చేసే తప్పు వేరు. తుది పాఠం ముగ్గురిదీ ఒకేలా ఉండొచ్చు, కొట్టివేతలు మాత్రం ఒకేలా ఉండవు.

షొలొఖోవ్ గొడవ కూడా చివరికి ఈ మలుపుకే వచ్చింది. పోయిందనుకున్న రాతప్రతి బయటపడి, 1999లో మాస్కోలోని ప్రపంచ సాహిత్య సంస్థ చేతికి వచ్చింది. దిద్దుబాట్లు చూస్తే రచయిత చిత్తుప్రతే అని తెలుస్తోందని ఒక వర్గం అంది. కాదు, వేరే ప్రతి చూసి రాసినవాడి తప్పులున్నాయని ఇంకో వర్గం అంది. ఎక్కువమంది పండితులు మొదటి వైపే ఉన్నారు. ఇద్దరూ చూస్తున్నది మాత్రం కొట్టివేతల్నే.

మా నవలలో 31 అధ్యాయాలు. మొదటి 19 అధ్యాయాల్లో వినికిడి తప్పులు దొరికాయి. ‘కళ తప్పిన ముఖం’ అనాల్సినచోట ముందు ‘కల తప్పిన’ అని రాసి, ల మీద ళ దిద్దారు. ‘తలపు’ బదులు ‘తలుపు’. ఇలాంటివి చూసి రాసేటప్పుడూ రావచ్చు కాబట్టి వాటి మీద ఎక్కువ బరువు పెట్టలేదు. ఏడో అధ్యాయంలో మాత్రం ఒక వాక్యం నన్ను కుర్చీలోంచి లేపింది. దాని తీరు ఇలా ఉంది: ‘ఆమె తలెత్తి చూసింది కాదు చూడలేదు.’ ఇందులో ‘చూసింది కాదు’ అన్న రెండు మాటలూ కొట్టేసి ఉన్నాయి.

ఆ ‘కాదు’ కథలోది కాదు. గదిలోది. చెబుతున్న మనిషి ‘చూసింది...’ అని, మనసు మార్చుకుని, ‘కాదు, చూడలేదు’ అన్నాడు. రాస్తున్న చెయ్యి ఆగకుండా ఆ ‘కాదు’ని కూడా రాసేసింది. తనకి తాను ఆలోచించుకుంటూ రాసేవాడు కాగితం మీద ‘కాదు’ అని రాయడు, గీత కొట్టేసి ముందుకి పోతాడు. ఇలాంటివి మొదటి 19 అధ్యాయాల్లో మొత్తం తొమ్మిది దొరికాయి. ఒకచోట ‘ఆఁ’, ఇంకోచోట ‘ఎక్కడిదాకా వచ్చాం’ కూడా ఉన్నాయి, అన్నీ కొట్టేసి. కూతురికి ఇది చూపించినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. ‘నాన్నగారి గొంతు విన్నట్టుంది’ అంది.

20 నుంచి 26 దాకా తప్పుల రకం మారిపోయింది. ఇక్కడ కన్ను జారిన తప్పులు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కనక సంభాషణలున్న పేజీలో వరసగా ‘అన్నాడు’, ‘అన్నాడు’ అనే ముగింపులుంటాయి. చూసి రాసేవాడు ఒక ‘అన్నాడు’ దగ్గర తలెత్తి, మళ్ళీ చూసేటప్పుడు కింది ‘అన్నాడు’ మీద వాలతాడు. మధ్య వాక్యం గల్లంతు. తర్వాత గమనించి హంసపాదు పెట్టి మార్జిన్లో ఎక్కిస్తాడు. ఈ ఏడు అధ్యాయాల నిండా అవే. కాబట్టి ఇది నకలు. సరే, దేనికి నకలు? ‘మతి పోయినట్టు’ అన్నచోట ముందు ‘యతి పోయినట్టు’ అని రాసి దిద్దిన తీరు నాలుగైదు చోట్ల ఉంది. రచయిత సొంత చేతిరాతలో ఉన్న పాత ఉత్తరాలు తీసి చూశాను. ఆయన మ-కారానికీ య-కారానికీ తేడా తెలిసేలా రాయరు. రాయసకాడి సొంత రాతలో ఆ రెండూ స్పష్టంగా వేరు. అంటే ఎదురుగా ఉన్న చిత్తుప్రతి రచయిత చేత్తో రాసినది. చూపు బొత్తిగా పోకముందు రాసిపెట్టుకున్న భాగం అయి ఉండాలి.

చివరి ఐదు అధ్యాయాలు చదవడానికి భయం వేసింది. వినికిడి తప్పుల్లేవు. ‘కాదు’ల్లేవు. కన్ను జారడాల్లేవు. ఉన్నదల్లా మాట సగంలో ఆగిపోవడం: ‘వెళ్ళిపో’ దాకా రాసి కొట్టేసి, అదే లైన్లో ముందుకి ‘తిరిగి చూడకుండా నడిచింది’. వాక్యం మొదలుపెట్టిన దారి వదిలేసి ఇంకో దారి పట్టడం. పేరా మొత్తం అడ్డంగా కొట్టి, వెనక పేజీలో కొత్తగా మొదలుపెట్టడం. ఇది మాటలు వెతుక్కుంటున్న మనిషి చెయ్యి. ఆ చెయ్యి రాయసకాడిది.

వేరే వివరణ లేదా అని వారం రోజులు ఆలోచించాను. రచయితే తడబడుతూ చెబుతుంటే ఇలాగే రాదా? రావచ్చు. కానీ ఆ రచయిత తడబడితే కాగితం మీద ఎలా ఉంటుందో మొదటి 19 అధ్యాయాల్లో నమూనా ఉంది. అక్కడ మాట పూర్తయ్యాక మార్పు వస్తుంది, సగం మాటలో రాదు. రెండో చూపుగా ఈ ఐదు అధ్యాయాల్లో సంభాషణలు తీసేసి, వర్ణక్రమం ఏకం చేసి, ‘మాత్రం’, ‘అసలు’, ‘ఇంక’, ‘మరి’ లాంటి మాటల్ని లెక్కించాను. రాయసకాడి కథల వైపు మొగ్గు కనిపించింది, కానీ కొద్దిగా. పాఠం చిన్నది కనక దాన్ని సాక్ష్యం అనను, తోడు అంటాను.

మధ్యంతర నివేదిక ఇద్దరికీ ఒకే రోజు పంపాను. రెండు రోజులకి రాయసకాడి కొడుకు వచ్చారు. చేతిలో పాత ఫైలు. ‘ఇవి చూపిస్తే మాకే దెబ్బేమోనని ఇన్నాళ్ళూ ఇవ్వలేదు సార్’ అన్నారు. పదకొండు కాగితాలు, రచయిత చేతిరాత. పది 22వ అధ్యాయం చిత్తుప్రతిలోవి. ‘మతి’ నిజంగానే ‘యతి’లా ఉంది. పదకొండోదాంట్లో చివరి ఐదు అధ్యాయాల్లో ఏం జరగాలో పొడి మాటల్లో రాసుకున్న వరస. నవలలో జరిగింది దాదాపు అదే వరసలో జరిగింది. ఒక్క పాత్ర చావు తప్ప. ఆ చావు ఆ కాగితంలో లేదు.

తనకి నష్టమని తెలిసీ ఆ కాగితాలు తెచ్చిన మనిషిని ఈ వృత్తిలో నేను ఇంకొకరిని చూడలేదు.

ఏం తేల్చాను

నివేదికలో మూడు వాక్యాలు, మూడు స్థాయిల నమ్మకంతో రాశాను. 1–19 రచయిత చెప్పగా రాసుకున్నవి: గట్టిగా చెప్పగలను. 20–26 రచయిత చిత్తుప్రతికి నకలు: గట్టిగా చెప్పగలను. 27–31లో కథాక్రమం రచయితది, వాక్యాలు బహుశా రాయసకాడివి, ఒక్క సంఘటన ఎవరిదో చెప్పలేను.

కూతురు అడిగింది: ‘అయితే అట్ట మీద రెండు పేర్లా?’ అది నేను తేల్చే విషయం కాదన్నాను. కానీ మన సాహిత్యంలో ఒకరు వదిలిన చోట ఇంకొకరు అందుకోవడం అవమానం కాదని చెప్పాను. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగాడు. తిక్కన విరాటపర్వం నుంచి మొదలుపెట్టాడు. ఆ మధ్య మిగిలిన భాగాన్ని చాలాకాలం తర్వాత ఎర్రన పూరించి, నన్నయ కృతిభర్త రాజరాజ నరేంద్రుడికే అంకితమిచ్చాడు. భాగవతంలో పోతనవి కాని స్కంధాలున్నాయి, అవి ఎవరివో అందరికీ తెలుసు, పోతనకి ఏ లోటూ రాలేదు. ఆమె విని, ‘వాళ్ళు పేరు చెప్పుకుని రాశారు’ అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు కర్తృత్వం కేసు వస్తే ముందుగా అడిగేది ఒకటే: ‘నిస్సందేహంగా ఫలానావారిది’ అని మీరు ఇస్తున్న నమూనా ఎవరి చేతులు దాటి వచ్చింది? అది తేలేదాకా ఏదీ లెక్కించను. లెక్కించాక ఏ అంశాల వల్ల ఆ ఫలితం వచ్చిందో విప్పి చూడకుండా క్లయింటుకి అంకె చెప్పను. అవునో కాదో చాలు అనేవాళ్ళకి ఆ పని నేను చేయనని మొదటి రోజే రాసిస్తాను. దీనివల్ల కొన్ని కేసులు పోయాయి.

కొత్త ముద్రణ వచ్చింది. అట్ట మీద రచయిత పేరు. లోపల, చివరి ఐదు అధ్యాయాలు పూర్తిచేయడంలో రాయసకాడి పాత్ర గురించి ఒక పేజీ, ఆయన పేరుతో. కూతురు ఆ పేజీకి ఒప్పుకుంది, ఆవిష్కరణకి మాత్రం రాలేదు.

ఒకటి మిగిలిపోయింది. 31వ అధ్యాయం చివరి వాక్యం తర్వాత ఇంకో వాక్యం ఉంది, పెన్సిల్‌తో కొట్టేసి. రాతప్రతి మొత్తంలో పెన్సిల్ గీత అదొక్కటే. కొట్టివేత వంకరగా ఉంది, సరిగ్గా కనపడని మనిషి గీసినట్టు. లేదా ఆరుబయట నిలబడి మోకాలి మీద పెట్టి గీసినట్టు. రచయిత చివరి అధ్యాయాలు చదివించుకుని విన్నారా, ఆ ఒక్క వాక్యం వద్దనుకున్నారా? గీత మీద చేతిరాత ఉండదు కాబట్టి నివేదికలో ‘ఎవరు కొట్టేశారో తెలియదు’ అని రాశాను. ఆ వాక్యం అచ్చువేయాలా వద్దా అని ప్రచురణకర్త అడిగారు. మూలంలో వద్దు, వెనక అనుబంధంలో వేయండి అన్నాను. వేశారు, 412వ పేజీలో.